బళ్లారి మండలపు వీధిబడులు: 1823వ సంవత్సరపు నివేదిక

ప్రజలందఱి బిడ్డలకును సమముగా విద్య గఱపు భారము రాజ్యముపై నున్నదనియు, బాలుని వయస్సును శక్తిని మాతృభాషను అనుసరించి బోధన సాగవలెననియు నేడు చట్టములు శాసించుచున్నవి. ఈ రెండు సూత్రములును పూర్వుల పల్లెబడులలో నెంతవఱకు నుండెననునది చిరకాలముగా వివాదగ్రస్తమైన విషయము. 1931 అక్టోబరు 20వ తేదీన లండను నగరమున గాంధీమహాత్ముడు ఉపన్యసించుచు, పూర్వముకంటె భారతదేశమున నిరక్షరాస్యత హెచ్చినదనియు, ప్రాచీన విద్యావృక్షము వేళ్లు బయలుపడి యెండిపోయినదనియు చెప్పెను. ఢాకా విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షుడై యుండిన సర్ ఫిలిప్ హార్టాగు దీని నంగీకరింపక, లెక్కలు చూపవలసినదని కోరెను; తన పక్షమును 1935లో లండనులో ఉపన్యాసములుగా నిచ్చి, 1939లో గ్రంథముగా ప్రకటించెను. 1983లో ధరంపాలు మదరాసు రాజధాని కలెక్టర్ల నివేదికలను 'ది బ్యూటిఫుల్ ట్రీ' యను గ్రంథమున వెలువరించుటతో ఈ వివాదము క్రొత్తరూపు దాల్చినది.

ఉభయపక్షములవారును తఱచుగా నుదాహరించునది బళ్లారి కలెక్టరగు కాంబెలు నివేదిక. ఒక్కొక్క పక్షమువారు దానినుండి తమకు వలసిన వాక్యమును మాత్రమే గైకొనుటచే దాని సమగ్రార్థము మఱుగుపడినది. ఆ నివేదికను మొదటినుండి తుదివఱకు చదివినచో, బడియందలి బోధనక్రమము ఒకటి, బడికి గల ఆధారము వేఱొకటి యనియు, మొదటిదాని గుణము రెండవదాని లోపమును కప్పజాలదనియు తేటపడును.

నివేదిక పుట్టుక యిట్టిది. సర్ తామస్ మన్రో మదరాసు గవర్నరై యుండగా, 1822 జూను 25వ తేదీన నొక లేఖ్యమును వ్రాసి, రాజధానియందలి ప్రజల విద్యాస్థితిని గూర్చి ప్రభుత్వమునకు నిజమైన జ్ఞానము లేదని చెప్పి, ప్రతి మండలమునుండియు బడుల సంఖ్యను, విద్యార్థుల సంఖ్యను, వారి కులభేదమును, బాలబాలికా విభాగమును దెలుపు పట్టికలను తెప్పింపవలసినదని నిర్ణయించెను. పెక్కుమంది కలెక్టర్లు పట్టికను నింపి పంపి యూరకుండిరి. బళ్లారి కలెక్టరు మాత్రము 1823 ఆగస్టు 17వ తేదీన పట్టికతోపాటు విపులమైన వివరణమును గూడ పంపెను. ఇతడే 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ఆంగ్లమున రచించి ప్రకటించిన అలెగ్జాండరు డంకన్ కాంబెలు. దేశభాష నెఱిగి, వ్యాకరణమందు పరిశ్రమ చేసినవాడగుటచే, బడిలో నేమి బోధింతురో, ఎట్లు బోధింతురో గ్రహింపగల యోగ్యత యతనికి గలదు.

బళ్లారి మండలమనగా నేటి బళ్లారి కాదు. 1800లో నిజాము కుంఫిణీవారికి వదలిన దత్తమండలములలో నది యొక భాగము. 1882లో వేఱు చేయబడిన అనంతపురము అప్పుడు దానిలోనిదే. 1953లో ఆంధ్రరాష్ట్రమున జేరిన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలును దానిలోనివే. దత్తమండలములకు 1800 మొదలు 1807 వఱకు కలెక్టరుగా నుండినవాడు మన్రో. కావున ఈ నివేదిక, ఆ నేల నెఱిగిన యొక యధికారి, ఆ నేల నెఱిగిన మఱియొక యధికారికి పంపిన పత్రము.

ఇక లెక్కలు. మండల జనసంఖ్య 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641. అనగా బడి యొక్కంటికి పండ్రెండుగురు. వేయిమంది జనులకు సుమారు ఏడుగురు. బడులలో తెలుగు నేర్పునవి 226, కన్నడము నేర్పునవి 235, మహారాష్ట్రభాష నేర్పునవి 23, పారసీకము నేర్పునవి 21, తమిళము నేర్పునవి 4, ఆంగ్లము నేర్పునది 1. ఇవి 510. మిగిలిన 23 స్థానములలో బ్రాహ్మణులు మాత్రమే సంస్కృతమున తర్క ధర్మశాస్త్ర జ్యౌతిషాదులను చదువుచుండిరి. ఆ మండలము తెలుగు కన్నడములు కలసిన సీమ. రెండు భాషల బడులును ఇంచుమించుగా సమసంఖ్యాకములై యుండుటను బట్టి, బాలుని యింటిభాషనే బడి యనుసరించినదని చెప్పవచ్చును. అధికారము చెలాయించువారి భాషకు ఒక్కటే బడి యుండుట గమనింపదగినది.

కులభేదమును బట్టి చూచినచో, హిందూబాలురలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతరకులములవారు 1,174, వెరసి 6,338. మహమ్మదీయులు 243. బడి బ్రాహ్మణునికి మాత్రమే తెఱచి యుండెనను వాదము ఈ లెక్కముందు నిలువదు. హిందూబాలురలో నూటికి అఱువదియైదుగురు శూద్రులును ఇతరులును. కాని బడి యందఱికిని తెఱచియుండెనను వాదమును నిలువదు. మండలమంతట బాలికలు 60 మంది మాత్రమే. 'ఇతరకులము'లను గడిలో నెవరెవరు చేరిరో పట్టిక విడదీయలేదు గాన, మాలమాదిగల బిడ్డలు వీధిబడి యరుగు నెక్కిరనుటకు ఆ సంఖ్యను సాక్ష్యముగా గైకొనరాదు. ఇండ్లలో చదువుకొనిన బాలురు ఈ లెక్కలో చేరరనుట నిజమే. ఇంట గురువును నిలుపుకొనగలవారు కలిగినవారే గాన, వారిని చేర్చినను సమత్వము హెచ్చదు.

ఇంక బోధనక్రమము. బాలునకు అయిదవయేట అక్షరాభ్యాసము. ఉపాధ్యాయుడును బడిపిల్లలందఱును ఆ యింటికి వచ్చి, విఘ్నేశ్వరుని ప్రతిమచుట్టును కూర్చుండగా, గురువు బాలుని వ్రేలు పట్టి బియ్యములో దేవతానామమును వ్రాయించును. తల్లిదండ్రులు తమ శక్తికొలది కానుక యిత్తురు. మఱునాటినుండి బడి. ఉదయమున ఆఱుగంటలకు బడి తెఱతురు. మొదట వచ్చిన బాలుని యఱచేత 'సరస్వతి' యని వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక మెల్లని దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ పై వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్కటి యధికము.

పిల్లలను సాధారణముగా నాలుగు తరగతులుగా విభజింతురు. ఒక తరగతినుండి మఱియొక తరగతికి పోవుట బాలుని శక్తిని, అభివృద్ధిని అనుసరించియే గాని సంవత్సరాంతమును బట్టి కాదు. బాలుడు అక్షరములను నోటితో వల్లించుటకు ముందే ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్చుకొనును. చేయి తిరిగిన పిమ్మట తాటాకుపై గంటముతోనో, కాగితముపై కలముతోనో, లేక పలకపైనను కడితముపైనను బలపముతోనో వ్రాయును. పలక మూడడుగుల పొడవును అడుగు వెడల్పును గల చెక్క. దానికి అన్నమును బొగ్గుపొడిని కలిపి పూయుదురు. కడితము గంజిపెట్టి మడతలు వేసి, బొగ్గును బంకలను పట్టించిన గుడ్డ. రెండింటిమీదను వ్రాసినది తడిగుడ్డతో చెఱిపి మఱియొకటి వ్రాయవచ్చును. నివేదికలో పలకకు వాడబడిన 'హలిగె' యను కన్నడరూపము తెలుగు 'పలక'కు సజాతీయమే. రెండును సంస్కృత 'ఫలక' శబ్దభవములు. పదాది పకారము కన్నడమున హకారమగుట ప్రసిద్ధము. ఈ సాధనములన్నియు ఊరిలోనే దొరకునవి, చవుకయైనవి.

క్రిందితరగతులను పైతరగతుల బాలురు కొంతవఱకు నడపుదురు. పైతరగతులను గురువు స్వయముగా చూచుచు, బడి యంతటిపైనను కన్నువేసి యుండును. నేర్చినవాడు నేర్వనివానికి చెప్పుటచే తన జ్ఞానమును స్థిరపఱచుకొను ఈ పద్ధతి మెచ్చదగినదనియు, ఇంగ్లండున నిది యనుకరింపబడుట యుక్తమే యనియు కాంబెలు వ్రాసెను. ఆ యనుకరణము ఆండ్రూ బెల్లు చేసినది. 1789 మొదలు చెన్నపట్టణమున ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమమున నధికారియై యుండిన బెల్లు, అచటి దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టి, 1797లో లండనులో నొక పుస్తకము ప్రకటించెను. దానికి 'మదరాసు పద్ధతి' యని పేరు. అయితే ఒక భేదము కలదు. వీధిబడిలో పండ్రెండుగురు పిల్లలపై గురువు దృష్టి యుండగా, పెద్దవాడు చిన్నవానికి తోడుపడెడివాడు. ఇంగ్లండున ఒక్క పెద్దగదిలో వందలకొలది పిల్లలను కూర్చుండబెట్టి, ఉపాధ్యాయుల జీతము మిగుల్చుకొనుటకు ఆ పద్ధతి వాడబడెను. పేరొక్కటియే, ఒకచోట నది బాలుని కొఱకు, వేఱొకచోట వ్యయము తగ్గించుట కొఱకు.

చదువు విషయమును వ్యవహారమునకు దూరము కాదు. గుణింతములు, ఒత్తులు, మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, ఎక్కములు, భిన్నములు నేర్చిన పిమ్మట, గురువు సేకరించి యుంచిన పలువిధములైన చేవ్రాళ్ల జాబులను చదువుట, ఉత్తరములు వ్రాయుట, ఒడంబడికల పత్రములు వ్రాయుట నేర్పుదురు. రామాయణ భారత భాగవతములు అన్ని కులముల పిల్లలును చదువుదురు. దానికితోడు విశ్వకర్మపురాణము మొదలగునవి పనిపాటల కులములవారి పిల్లలకును, చెన్నబసవేశ్వర పురాణము మొదలగునవి లింగధారుల పిల్లలకును వేఱుగా గలవు. రాజమహేంద్రవర మండలమునుండి వచ్చిన పట్టికలో దాశరథీ శతకము, సుమతి శతకము, భాస్కర శతకము, గజేంద్రమోక్షము, కుచేలోపాఖ్యానము, ఆంధ్రనామసంగ్రహము, పావులూరి గణితము మొదలైన గ్రంథనామములు ఆంగ్లలిపిలో వికృతములై కానవచ్చును. ఆ మండలమున బడులు 291, విద్యార్థులు 2,658; ఇవి గాక ఉన్నతవిద్యాస్థానములు 279, అందు చదువువారు 1,454 మంది యని లెక్క చెప్పబడినది.

ఇంతవఱకు గుణము. దోషమును కాంబెలు దాచలేదు. సోమరిపిల్లవానిని చేతులు కట్టి యింటికప్పునకు వ్రేలాడదీయుట, ఎడతెగక గుంజిళ్లు తీయించుట యాతడు పేర్కొన్న శిక్షలు. మొదటిదే 'కోదండ'మని తెలుగువా రెఱిగినది. అంతకంటె ముఖ్యమైన లోపము, అర్థజ్ఞానము లేని వల్లెవేత. బడిలోని పద్యగ్రంథముల భాష వాడుకభాషకును వ్యవహారభాషకును మిక్కిలి వేఱగుటచే, వర్ణమాల యొక్కటియే యైనను బాలునకు వాక్యము బోధపడదనియు, పలుమంది గురువులకే యర్థము తెలియదనియు, బాలుడు చిలుకవలె పలుకుననియు ఆతడు విమర్శించెను. అర్థమెఱుగని పాఠము నింద్యమని నిరుక్తకారుడైన యాస్కుడే చెప్పియున్నాడు గాన, ఈ విమర్శ పరదేశీయుని యాక్షేపమని త్రోసివేయదగినది కాదు. అయినను పద్యములను కంఠస్థము చేయించుట ప్రధానముగా స్పష్టోచ్చారణము కొఱకని కాంబెలే చెప్పియున్నాడు. శిక్షాశాస్త్రమునకు తగిన ప్రయోజనమే యది. ఉచ్చారణముతో నాగిపోవుట లోపము. ఉచ్చారణము నేర్పుట లోపము కాదు.

నివేదికయందు హృదయమును కలచునది ఆధారమును గూర్చిన భాగము. కొందఱు బాలురు అయిదేండ్లు మాత్రమే బడిలో నుందురు. తల్లిదండ్రుల పేదఱికమే దానికి తఱచుగా కారణము. కలిగినవారి బిడ్డలు పదునాలుగు పదునైదేండ్లు చదువుదురు. ఇందుగల వైషమ్యమును చక్కగా గమనింపవలెను. తరగతి మారుటకు కొలమానము బాలుని శక్తి. బడి విడుచుటకు కొలమానము తండ్రి సంచి. 1826లో మన్రో వ్రాసిన ప్రకారము, రాజధానిలో పిల్లవాని జీతము సాధారణముగా నెలకు నాలుగణాలు మొదలు ఆఱు లేక ఎనిమిదణాలు. ఉపాధ్యాయునకు మొత్తముమీద నెలకు ఆఱేడు రూపాయలకు మించి దొరకదు. అంతటి యాదాయమునకు యోగ్యులు ఆ వృత్తిని చేపట్టరు.

ఆ కొద్దిపాటి జీతమును సయితము ఇచ్చుకొనలేని స్థితికి ప్రజలు వచ్చిరని కాంబెలు సాక్ష్యము. ఐరోపా వస్త్రములు వచ్చి పడుటచే ఇచటి నేతగాండ్రు మొదలైనవారి బ్రతుకుదెరువు చెడినది. సైన్యములు దూరపు సరిహద్దులకు తరలింపబడుటచే ధాన్యమునకు గిరాకి తగ్గినది. దేశీయప్రభువులు దేశములోనే వెచ్చించిన ధనము పరదేశీయుల పాలై దేశము విడిచి పోవుచున్నది. మధ్యతరగతివారును క్రిందితరగతివారును పిల్లలను చదివింపజాలకుండుటయే గాక, లేత శరీరములు చిన్నపనికి తగినంతనే వారిని పనిలో దింపుచున్నారు. పూర్వము బడులుండిన పెక్కుగ్రామములలో నిప్పుడు లేవు. పెద్దబడులుండినచోట కలవారి బిడ్డలు కొలదిమందియే మిగిలిరి. 533 బడులలో నొక్కటైనను ప్రభుత్వసహాయము పొందుట లేదని చెప్పుటకు సిగ్గగుచున్నదని ఆ కలెక్టరే తన ప్రభుత్వమునకు వ్రాసెను. కుంఫిణీవారి యుద్యోగి కుంఫిణీవారికే వ్రాసిన మాటగాన దీనికి ప్రామాణ్య మధికము.

రాజధానిలోని యన్ని మండలముల లెక్కలును చేరిన పిమ్మట మన్రో 1826 మార్చి 10వ తేదీన సారమును సంగ్రహించెను. 1,28,50,941 జనులకు 12,498 బడులు, విద్యార్థులు 1,88,650. అనగా సుమారు 68 మందికి ఒక్కరు. బళ్లారిలో 140 మందికి ఒక్కరు. కఱవుసీమలో బడి రాజధాని సగటులో సగమునకు దిగినదని యీ రెండు సంఖ్యలును చెప్పుచున్నవి. ఎచట పేదఱికమో అచట బడి లేదు. ఇదియే చందాబడి స్వభావము.

మన్రో దీనికి విరుగుడు తలపోసెను. ప్రతి కలెక్టరేటునందు హిందువులకు ఒకటి, మహమ్మదీయులకు ఒకటియు, సుమారు 300 తహసీలుదారీలలో నొక్కొక్కటియు పాఠశాలలు పెట్టి, మొదటివాని యుపాధ్యాయులకు నెలకు 15 రూపాయలును, రెండవవాని యుపాధ్యాయులకు 9 రూపాయలును ప్రభుత్వధనమునుండి ఇయ్యవలెనని యాతడు సూచించెను. ఆ సూచన గొప్పదే. బడికి ఖజానానుండి ధన మీయవలెనను తత్త్వమును అది యొప్పుకొన్నది. కాని తహసీలుదారీ యుపాధ్యాయుడు ప్రభుత్వమిచ్చు తొమ్మిది రూపాయలకు తోడు విద్యార్థులనుండి గూడ జీతములు పుచ్చుకొనునని మన్రో లెక్కవేసెను. పేదవానికి అడ్డమైయుండిన గడప యట్లే నిలిచినది. తహసీలునకు ఒక్క బడి యనగా పల్లెలోని కాపుబిడ్డకు అందనిది. 1827 జూలై 6వ తేదీన మన్రో పత్తికొండలో విషూచిచే మరణించెను. తలపెట్టిన పాఠశాలలలో కొద్దిభాగమే యేర్పడి, 1836లో నవియు ఎత్తివేయబడెను. అంతకు పూర్వసంవత్సరముననే మెకాలే లేఖ్యముచే ప్రభుత్వపు దృష్టి ఆంగ్లవిద్యపైకి మరలియుండెను.

ఈ నివేదికకు ముప్పదియేండ్ల తరువాత గోదావరీతీరమున దీనికి ప్రతిగా నొక యుదాహరణము కనబడును. 1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టచే డెల్టాభూములు సస్యశ్యామలములు కాగా, సబుకలెక్టరగు టెయిలరు నరసాపురము, పాలకొల్లు, ఆచంట, పెనుగొండ గ్రామములలో పాఠశాలలు నెలకొల్పెను. చుట్టుపట్ల రైతులు తమ గ్రామములకును బడులు కావలెనని కోరి, భూమిశిస్తుపై నింతయని పన్ను వేసికొనుటకు సమ్మతించిరి. బళ్లారిలో ప్రతి తండ్రియు తన బిడ్డకు మాత్రము జీతమిచ్చెను. ఇచట ఊరంతయు ఊరి బిడ్డలకు పన్ను చెల్లించెను. ఈ భేదము సామాన్యమైనది కాదు. సమ్మతి మాత్రమే యాధారముగా గల ఆ పన్నునకు శాసనబలము కల్పించుటకే 1863లో మదరాసు విద్యాచట్టము చేయబడినది. 1871లో స్థానికనిధుల చట్టము వచ్చినది. అయినను పంట పండిన సీమలో పన్ను పుట్టినదిగాని, పండని బళ్లారిలో పుట్టలేదు. కావున గ్రామమున కంటె విశాలమైన ఖజానా యుండి, కలిగిన సీమనుండి లేని సీమకు ధనము పాఱినగాని సమత్వము సిద్ధింపదు.

60 మంది బాలికల లెక్కకు సమాధానము మఱింత యాలస్యముగా వచ్చినది. కందుకూరి వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినది 1874లో. నిర్బంధవిద్యను స్థానికసంస్థలు ప్రవేశపెట్టుటకు వీలు కల్పించిన మదరాసు ప్రాథమికవిద్యా చట్టము 1920 నాటిది. పదునాలుగేండ్లలోపు బాలలందఱికిని ఉచితనిర్బంధవిద్య నీయుటకు యత్నింపవలెనని 1950లో రాజ్యాంగము ఆదేశించెను. 2002లో చేయబడిన సవరణముచే నది ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బాలల ప్రాథమికహక్కైనది. 2009లో చేయబడి 2010 ఏప్రిలు 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన చట్టము ఆ హక్కునకు రూపమిచ్చినది. ఆ చట్టము దేహశిక్షను నిషేధించినది. కోదండమునకు చోటు లేదు. సాధ్యమైనంతవఱకు మాతృభాషలోనే బోధింపవలెనన్నది. బళ్లారియందలి 226 తెలుగుబడులును 235 కన్నడబడులును చట్టము లేకయే చేసిన పని యది.

ఇక నుభయవాదములను తూచవచ్చును. పూర్వము బడులు లేవనువారు 533 బడులను విస్మరించుచున్నారు. పూర్వము అందఱును చదివిరనువారు వేయింటికి ఏడుగురను మాటను, 60 మంది బాలికలను విస్మరించుచున్నారు. వీధిబడి బాలుని నడకను అనుసరించి నడచినది; అది దాని ఘనత. చందాపై బ్రతికినది, అది దాని దౌర్బల్యము. తరువాతి ప్రభుత్వపుబడి ఆ దౌర్బల్యమును క్రమముగా తీర్చినది గాని, ఒక్క వయస్సు పిల్లలందఱు ఒక్క నాడే ఒక్క పాఠము ముగింపవలెనను నియమముచే ఆ ఘనతను పోగొట్టుకొన్నది. చట్టము కోరునట్టి బడి యీ రెండింటిలో నేదియు కాదు. గురువుకన్ను పండ్రెండుగురిపై నున్నట్లు ప్రతి బాలునిపైనను నిలుపుచు, వ్యయమును మాత్రము బాలునిపై మోపనిది.

కాంబెలు కలెక్టరుగా చూచి వ్రాసెను. బడిలోని గురువు వ్రాసికొన్నది వేఱుగా నుండును. దత్తమండలముల పాతయిండ్లలో అటకలపై నల్లని కడితములు, బాలశిక్షల తాళపత్రములు, గురువుల జీతపులెక్కలు మిగిలియుండుటకు అవకాశము గలదు. ఏ కడితముపై నేయూరి పిల్లవాడేమి వ్రాసెనో తెలిసిననాడు 6,641 అను సంఖ్యకు ముఖము వచ్చును. ఆ సీమ పాఠశాలలయందలి పండితులు తమ విద్యార్థుల యిండ్లనుండియే యీ సేకరణము నారంభింపవచ్చును.